ఎండాకాలం కంప్యూటర్‌కి పెల్టియర్ ప్లేటు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. పార్టులు కొనుక్కొచ్చి కంప్యూటర్ నేనే బిగించుకున్నాను. ప్రాసెసర్ 65 వాట్లది, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) 450 వాట్లది. మిద్దె మీద గది కావడంతో ఏప్రిల్ వస్తే చాలు, మధ్యాహ్నం ఫ్యాను రొద భరించలేకపోతున్నాం. వీడియోలు చూసి, కరెంటిస్తే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కే పెల్టియర్ ప్లేటు (టీఈసీ1-12706 రకం) ఒకటి తెప్పించాను. దాన్ని ప్రాసెసర్‌కీ, దాని వేడిని గాలిలోకి వదిలే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య పెట్టి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చి ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ వైరు నుంచి 12 వోల్టులు ఇవ్వొచ్చా సార్? నీళ్లు పట్టి బోర్డు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒక్క ప్లేటే అయితే పెట్టకండి. పెట్టాక ప్రాసెసర్ ఇప్పటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది.

మీ బోరు మోటారు నీళ్లను పుట్టించదు కదా, కింద ఉన్నవాటిని పైకి తోడుతుంది, తోడినందుకు కరెంటు తాగుతుంది. ఈ ప్లేటు కూడా అంతే, ఒక వైపు వేడిని రెండో వైపుకు తోడుతుంది, పైగా తాను తాగిన కరెంటును కూడా వేడిగా మార్చి అదే వైపు కలుపుతుంది. 12 వోల్టులిస్తే 12706 సుమారు 5 ఆంపియర్లు, అంటే 60 వాట్లు లాగుతుంది. అంత లాగినా రెండు వైపులా ఒకే వేడి ఉన్నప్పుడు అది తోడగలిగింది 50 వాట్ల చిల్లర. మీ ప్రాసెసర్ పూర్తి పనిలో ఉంటే 65 వాట్ల వేడి వస్తుంది. మిగిలింది ఎటు పోతుంది? ప్రాసెసర్ దగ్గరే ఆగిపోతుంది. మీ పాత హీట్‌సింక్ మీద మాత్రం భారం రెట్టింపు దాకా పెరుగుతుంది, గదేమో అప్పటికే 40 డిగ్రీలు.

ఇక మోలెక్స్ సంగతి. పసుపు తీగ 12 వోల్టులు, నలుపు గ్రౌండు, ఎరుపు 5 వోల్టులు, అంతవరకు సరే. కానీ ఒక వైరును రెండుగా చీల్చే నాసిరకం స్ప్లిటర్ మీద గంటల తరబడి 5 ఆంపియర్లు నడిపితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను, నా బల్ల మీదే. తెల్లటి కనెక్టర్ పసుపు తీగ దగ్గర గోధుమ రంగుకు తిరిగి, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి, లాగితే పిన్నుతో సహా ఊడొచ్చింది. మదర్‌బోర్డు మీద ఫ్యాను పిన్నులకైతే అస్సలు కలపొద్దు, అవి మామూలుగా 1 ఆంపియర్‌కు మించి మోయవు.

చేసి తీరాలనే పట్టుదల ఉంటే ప్లేట్లు పెంచండి, వోల్టేజీ తగ్గించండి. ఇది చాలామందికి తట్టదు. రెండు ప్లేట్లు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి 12 వోల్టులిస్తే ఒక్కోదానికి 6 వోల్టులు పడతాయి. రెండూ కలిపి సుమారు 30 వాట్లు లాగి, 60 వాట్ల దాకా తోడతాయి. అలాంటి జతలు రెండు, అంటే మొత్తం నాలుగు ప్లేట్లు ఒక మందపాటి రాగి పలక మీద పరిస్తే 65 వాట్ల ప్రాసెసర్‌కు సరిపోతుంది, అదీ వేడి వైపు 120 వాట్ల పైన మోయగల పెద్ద హీట్‌సింకో, నీళ్లతో చల్లబరిచే వాటర్ బ్లాకో ఉంటేనే. ప్లేటుకు రెండు వైపులా థర్మల్ పేస్టు పలచగా రాసి, నాలుగు మూలల స్క్రూలు కొద్దికొద్దిగా సమంగా బిగించండి. ఒక మూల ముందే బిగిస్తే పింగాణీ పగులుతుంది.

కరెంటుకు 12 వోల్టులు, 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ విడిగా పెట్టండి, ఎర్తు తప్పనిసరి. దాని 12 వోల్టుల తీగ మధ్యలో బండ్లకు వాడే రిలే (కాయిల్‌కు కరెంటు అందితేనే కలిసే స్విచ్) పెట్టి, రిలే కాయిల్‌కు మాత్రం కంప్యూటర్ మోలెక్స్ నుంచి ఇవ్వండి. కంప్యూటర్ ఆపగానే ప్లేట్లూ ఆగుతాయి. లేదంటే రాత్రంతా చల్లబడి పొద్దున్నకు బోర్డు తడిసిపోతుంది. వేడి హీట్‌సింక్ మీద 70 డిగ్రీలు దాటితే తెగే థర్మల్ స్విచ్ ఒకటి కాయిల్ తీగలో వేస్తే, ఫ్యాను ఆగినప్పుడు అదే కట్ చేస్తుంది. అప్పుడు కంప్యూటర్‌ను కూడా వెంటనే ఆపాలి, ఎందుకంటే కరెంటు లేని ప్లేటు వేడికి అడ్డుగోడ లాంటిది.

మీరు భయపడుతున్న నీళ్లు ఎండాకాలంలో అంత సులభంగా పట్టవు. 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉంటే సుమారు 13 డిగ్రీల కన్నా చల్లబడితేనే చెమ్మ కడుతుంది. వానల్లో 28 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున 23 డిగ్రీలకే కడుతుంది! అందుకే చల్లటి వైపును 25 డిగ్రీల కిందకు పోనివ్వకుండా థర్మోస్టాట్ పెట్టండి, చుట్టూ గాలి చొరబడకుండా ఫోమ్ అతికించండి.

నన్నడిగితే, మీ అవసరానికి పెద్ద టవర్ హీట్‌సింక్, 120 మిల్లీమీటర్ల ఫ్యాను కొనుక్కోండి. రొద తగ్గుతుంది, కరెంటు బిల్లూ పెరగదు. ప్లేటును విడిగా బల్ల మీద పెట్టి నేర్చుకోండి, నిజంగా నేర్చుకోదగ్గ వస్తువు అది.

ప్రశ్న: ఏ వైపు చల్లబడుతుందో చూద్దామని పెల్టియర్ ప్లేటుకు హీట్‌సింక్ లేకుండానే 12 వోల్టులు ఇచ్చాను. కాసేపటికి రెండు వైపులా కాలిపోయి, ఇప్పుడు పని చేయట్లేదు. బాగవుతుందా? (ప్రొద్దుటూరు, కడప జిల్లా)

జవాబు: బాగవదు. ఈ రకం ప్లేట్లు చాలావాటిలో లోపలి టంకం 138 డిగ్రీలకే కరుగుతుంది, హీట్‌సింక్ లేకపోతే ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. మల్టీమీటర్ పెట్టి చూడండి, బాగున్న 12706 అయితే 2 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది, అసలేమీ చూపించకపోతే లోపల తెగినట్టే. కొత్తది తెచ్చాక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌కు తీగలు తాకించి అరచేత్తో పట్టుకోండి, కొన్ని సెకన్లలోనే చల్లటి వైపు తెలిసిపోతుంది. తీగలు తిప్పి పెడితే వైపులూ తారుమారవుతాయి కాబట్టి ఎరుపు తీగ దేనికి కలిపారో పెన్సిల్‌తో ప్లేటు మీదే రాసి పెట్టుకోండి.