ఎనిమిదుల జతతో ఆల్-ఇన్ ఎప్పుడు?

ప్రశ్న: నేను అప్పుడప్పుడు అట్లాంటిక్ సిటీకి వెళ్లి పోకర్ టోర్నమెంట్లు ఆడుతుంటాను. మొన్న తొమ్మిది మంది కూర్చున్న టేబుల్‌పై, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక కట్టే పందేలు) 1,000, 2,000 కాగా, వాటిలో పెద్దదైన బిగ్ బ్లైండ్‌లో ఉన్నవారు అందరి తరఫున కట్టే ఆంటీ మరో 2,000 ఉన్న దశలో, నా దగ్గర 24,000 చిప్స్ మిగిలాయి. ముందున్న ముగ్గురూ ఫోల్డ్ చేశాక (ముక్కలు వదిలేశాక) ఎనిమిదుల జతతో ఆల్-ఇన్ చేశాను, అంటే ఉన్న చిప్స్ అన్నీ పందెం పెట్టాను. రాణుల జత ఉన్న ఒకరు కాల్ చేయడంతో (అంతే పందెం కట్టడంతో) బయటికి వచ్చేశాను. 2,000 మాత్రమే పెట్టి ఫ్లాప్ (బల్లపై అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) చూడవలసిందని మిత్రులు అంటున్నారు. నేను చేసింది తప్పా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: తప్పు కాదండీ. ముందు మీ మిత్రుల సలహా చూద్దాం. ఎనిమిదుల జత చేతిలో ఉన్నప్పుడు ఫ్లాప్‌లో ఎనిమిదిని మించిన ముక్క ఒక్కటైనా పడే అవకాశం నూటికి 87, మరో ఎనిమిది పడే అవకాశం నూటికి 12 మాత్రమే. కాబట్టి చాలాసార్లు ఒక జాకీనో రాజునో చూసి, ఎదుటివారు బెట్ వేయగానే, గెలుస్తున్న చేతిని (మీ ముక్కలను) కూడా మీరే వదిలేసుకుంటారు. పన్నెండు బిగ్ బ్లైండ్లకు మాత్రమే సరిపడే 24,000తో ఆ విలాసం తగదు.

ఆల్-ఇన్ లెక్క వేరు. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) బ్లైండ్లు, ఆంటీ కలిపి అప్పటికే 5,000 ఉంది, అంటే మీ చిప్స్‌లో ఐదో వంతు. మీ తరువాతి ఐదుగురూ తొమ్మిదులు మొదలు ఆసుల వరకు ఏదైనా జత, లేదా ఆసు-రాజు, ఆసు-రాణి ఉంటేనే కాల్ చేస్తారనుకుంటే, నాలుగింట మూడుసార్లు అందరూ ఫోల్డ్ చేస్తారు, ఆ 5,000 ఊరికే మీ చేతికి వస్తుంది. కాల్ వచ్చినప్పుడు మాత్రం మీరు గెలిచేది నూటికి సుమారు 36 సార్లే, ఎందుకంటే ఆసు-రాజు మీద 55 దాకా ఉన్న మీ అవకాశం పెద్ద జత ఎదురైతే 19కి పడిపోతుంది. అన్నీ కలిపి చూస్తే సగటున 2,500 చిప్స్ దాకా మీకే లాభం. ఐదుగురిలో ఎవరో ఒకరికి పెద్ద జత ఉండే అవకాశం నూటికి 14. ఆ రోజు అదే మీకు తగిలింది.

అయితే అవే ఎనిమిదులతో, అంతే చిప్స్ ఉన్న మొదటి ఆటగాడు మీకన్నా ముందే ఆల్-ఇన్ చేసి ఉంటే, నేను ఫోల్డ్ చేయమనేవాణ్ణి. 53,000 పాట్ (మీ ఇద్దరి 24,000లు, ముందే ఉన్న 5,000) కోసం 24,000 పెట్టాలంటే నూటికి కనీసం 45 సార్లు గెలవాలి, అలాంటి చేతుల మీద మీకున్నది 36. ఎదుటివారు ఫోల్డ్ చేసే అవకాశం ఇక్కడ లేనే లేదు. రమ్మీ నుంచి పోకర్‌కు వచ్చిన మనవాళ్లకు ఈ తేడా మింగుడుపడటానికి కొంత కాలం పడుతుంది.

బహుమతి దక్కడానికి ఇంకా ఒకరిద్దరే తప్పుకోవలసిన సమయంలో, మీకన్నా తక్కువ చిప్స్ ఉన్నవారు ఇద్దరు ముగ్గురు ఉంటే, కాస్త ఆగడమే మేలు. చిప్స్ రెట్టింపైనంత మాత్రాన బహుమతి రెట్టింపు కాదు. కానీ ఆగుతూ ఆగుతూ 8,000కి దిగజారకండి. అప్పుడు బిగ్ బ్లైండ్‌లో ఉన్నవారు 13,000 కోసం మరో 6,000 కలిపితే చాలు, కాబట్టి చాలా సాధారణమైన ముక్కలతో కూడా కాల్ చేస్తారు.