ప్రశ్నలు – జవాబులు: ఎగ్జాస్ట్ టెంపరేచర్ తప్పు చూపిస్తుంటే

ప్రశ్న: ఫార్ములా స్టూడెంట్ (కాలేజీ విద్యార్థుల రేసు కార్ల పోటీ) కారు కోసం కేటీఎం 390 బైక్ ఇంజిన్‌కి కంపెనీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) తీసేసి, సెట్టింగులు మనమే మార్చుకునే మెగాస్క్వర్ట్ 3 ఈసీయూ పెట్టాం. ఎగ్జాస్ట్ పైపులో కె-టైప్ థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహపు తీగల వేడి సెన్సర్) ఉంది, దానికీ ఈసీయూకీ మధ్యలో ఏడీ8495 చిప్ ఉన్న యాంప్లిఫయర్ బోర్డు (సెన్సర్ ఇచ్చే చిన్న వోల్టేజిని పెంచేది). ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే 280 డిగ్రీలు చూపిస్తోంది. పావుగంట నడిచాక అదే ఆర్‌పీఎం, అదే లోడ్ మీద రీడింగ్ ఓ 40 డిగ్రీలు తగ్గిపోతోంది. రేడియేటర్ ఫ్యాన్ తిరగ్గానే 20 డిగ్రీలు పైకి ఎగురుతోంది. సెన్సర్ మార్చినా అంతే. ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: సెన్సర్ మీద ఇంకో రూపాయి ఖర్చు పెట్టకండి. మీరు చెప్పిన లక్షణాలు మూడు వేర్వేరు తప్పులవి.

280లోంచి గది వేడి 30 తీసేస్తే 250. దాన్నిబట్టే దొంగ దొరికిపోయాడు. ఏడీ8495 డిగ్రీకి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. కొన్ని బోర్డుల్లో సున్నా డిగ్రీల దగ్గరే 1.25 వోల్టులు వచ్చేలా రిఫరెన్స్ (అవుట్‌పుట్ లెక్క మొదలయ్యే వోల్టేజి) కట్టి ఉంటుంది. ఆ 1.25 వోల్టులే మీకు 250 డిగ్రీలుగా కనిపిస్తున్నాయి. సెట్టింగుల్లో 0 వోల్టుకు మైనస్ 250, 5 వోల్టులకు 750 ఇస్తే సరిపోతుంది. కాకపోతే 750 దాటాక మీటరు గుడ్డిదవుతుంది. పెట్రోల్ ఇంజిన్‌కి ఫుల్ లోడ్‌లో 800 మామూలే. అందుకని బోర్డు మీద రిఫరెన్స్ పిన్‌కి వెళ్లే రాగి గీత (ట్రేస్) కోసి, ఆ పిన్ను గ్రౌండ్‌కి కలిపి, 0 నుంచి 1000 స్కేలు పెట్టుకోండి. 5 వోల్టుల సప్లైతో దాదాపు 950 దాకా చదువుతుంది. డిగ్రీకి 5 మిల్లీవోల్టుల లెక్క 400 దాటాక కాస్త తప్పుతుంది. 800 దగ్గర ఓ 15 డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది, గుర్తుంచుకోండి.

వేడెక్కాక పడిపోతోందంటే వైరు చూడండి. సెన్సర్ వైరు పొడవు చాలక మామూలు రాగి వైరు అతికించి ఉంటారు. థర్మోకపుల్ ఇచ్చే వోల్టేజి మొన వేడికీ, దాని తీగలు రాగితో కలిసే చోటు వేడికీ ఉన్న తేడా. ఆ చోటు తన పక్కనే ఉందనుకుని చిప్ తన సొంత వేడిని కలిపేస్తుంది. మీ అతుకు ఇంజిన్ పక్కన 75 డిగ్రీల్లో, బోర్డు 35లో ఉంటే, అక్కడే 40 పోయింది. బోర్డు దాకా కె-టైప్ ఎక్స్‌టెన్షన్ వైరే లాగండి, కనెక్టర్ కూడా కె-టైప్‌దే వాడండి. అమెరికా పద్ధతిలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. ఎరుపు అనగానే ప్లస్‌కి కలిపేసేవాళ్లే ఎక్కువ. రంగు మాసిపోతే అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకునే తీగ మైనస్.

ఫ్యాన్‌ది గ్రౌండ్ గొడవ. బోర్డు నలుపు వైరు ఛాసిస్‌కి బిగించి ఉంటే, ఫ్యాన్ కరెంటు వల్ల ఆ పాయింటు 0.1 వోల్టు పైకి లేచినా 20 డిగ్రీలు పెరిగినట్టే. దాన్ని ఈసీయూ సెన్సర్ గ్రౌండ్ పిన్‌కి మార్చండి.

అన్నీ అయ్యాక సెన్సర్ ఊడదీసి, బోర్డు ఇన్‌పుట్ రెండు టెర్మినళ్లను చిన్న రాగి ముక్కతో కలపండి. బోర్డు ఉన్న చోటి వేడి చూపించాలి. తర్వాత మొనను మరిగే నీళ్లలో ముంచితే కాకినాడలో 100 రావాలి, హైదరాబాద్‌లో అయితే 98. ఇన్‌ఫ్రారెడ్ గన్‌ను పైపు మీద పెట్టి పోల్చడం మాత్రం దండగ. అది చూసేది పైపు తోలు వేడి, లోపలి గ్యాస్‌ది కాదు. పైగా మెరిసే స్టీలు మీద ఆ గన్ ఇంకా తక్కువ చెబుతుంది.

ప్రశ్న: ఆర్డుయినో (చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు)తో మ్యాక్స్6675 (థర్మోకపుల్‌ని చదివే చిప్) వాడుతున్నాను. సైలెన్సర్ కాలుతున్నా అంకె ఒకేచోట బిగుసుకుపోతోంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చిప్‌ని మరీ తొందరగా చదువుతున్నట్టున్నారు. ఒక్కో కొలతకు దానికి 0.22 సెకను దాకా పడుతుంది. ఈలోగా చదవడం కోసం సీఎస్ పిన్ (చిప్‌ని ఎంచుకునే పిన్) వోల్టేజిని కిందికి లాగితే ఆ కొలత అక్కడే ఆగిపోయి, పాత అంకే వస్తుంది. 250 మిల్లీసెకన్లకోసారి చదవండి.