ఇరుకింట్లో ఇంపు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చిన్న ఫ్లాట్ల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది ‘ఏం కొనాలి?’ అని. కొనాల్సినవి తక్కువే. జరపాల్సినవి, కొలవాల్సినవి ఎక్కువ. టేపు పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా హాలు 8 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు. ఒక చివర తలుపు, రెండో చివర కిటికీ. సోఫా, టీవీ బల్ల, పుస్తకాల అర అన్నీ గోడలకు ఆనించే పెట్టాం. అయినా రైలుపెట్టెలో కూర్చున్నట్టుంది. పెద్దగా ఖర్చు పెట్టలేం.

జవాబు: గోడలకు ఆనించడమే ఇక్కడ వచ్చిన చిక్కు. సామానంతా గోడ వెంట వరుస కట్టేసరికి మధ్యలో మిగిలిన ఖాళీ తలుపు నుంచి కిటికీ దాకా తిన్నటి దారి అయిపోయింది. చూపు కూడా ఆ దారినే పరుగెత్తి గదిని ఇంకా పొడుగ్గా చూపిస్తుంది. దీన్ని ఒక గది అనుకోకండి, రెండు అనుకోండి. కిటికీ వైపు 10 అడుగులు కూర్చోవడానికి, తలుపు వైపు 7 అడుగులు పనిబల్లకో తినే బల్లకో.

రెండింటి మధ్య మీ పుస్తకాల అరనే గోడకు అడ్డంగా నిలపండి. 4 అడుగుల వెడల్పు, అడుగు లోతు, రెండున్నర నుంచి మూడడుగుల ఎత్తు ఉంటే సరిగ్గా సరిపోతుంది. వెనక పలక ఉంటే ఊడదీయండి, లేకపోతే తలుపు వైపు సగానికి వెలుతురు అందదు. అయితే వెనక పలక తీసిన అర పక్కలకు ఊగుతుంది. అందుకే లోపలి మూలల్లో ఎల్ ఆకారపు క్లాంపులు వేసి, గోడకు తగిలే వైపు మరో రెండు క్లాంపులతో గోడకు బిగించాలి. పిల్లలున్న ఇంట్లో ఈ పని వాయిదా వేయకండి.

అరను ఎడమ గోడ నుంచి అడ్డం పెడితే సోఫాను కుడి గోడ వైపు వేయండి. అప్పుడు నడిచే దారి మొదట కుడి పక్కగా వెళ్లి, తర్వాత ఎడమకు తిరుగుతుంది. ఆ వంపుతోనే నడవా లక్షణం పోతుంది. దారి ఎక్కడా రెండున్నర అడుగులకు తగ్గకుండా చూసుకోండి. రెండడుగులకు దిగితే ఎదురొచ్చిన మనిషికి పక్కకు ఒత్తిగిలి దారివ్వాలి. ఏదీ జరపకముందే సామాను కొలతలకు పాత పేపర్లు కత్తిరించి నేలమీద పరిచి, ఒకటి రెండు రోజులు వాటి మధ్యే తిరిగి చూడండి. తలుపు రెక్క ఎక్కడ తగులుతుందో, సొరుగు లాగితే మనిషి నిలబడే చోటు ఉందో లేదో నడుము నొప్పి లేకుండానే తెలిసిపోతుంది.

తివాచీ వేసేట్టయితే 6 అడుగుల వెడల్పుది తీసుకోండి. రెండు పక్కలా అడుగు చొప్పున నేల కనిపించాలి, సోఫా ముందుకాళ్లు దాని మీదకు రావాలి. చారలుంటే అవి గది వెడల్పు వైపు సాగాలి. గది మధ్యలో రుమాలంత తివాచీ వేయడం కన్నా అసలు వేయకపోవడమే నయం.

చివరి గోడకు ముదురు రంగు వేస్తే దగ్గరికి జరిగినట్టు కనిపిస్తుందంటారు. నిజమే. కానీ మీ చివరి గోడలో కిటికీ ఉంది. ముదురు రంగు నడుమ పగటి వెలుగు కళ్లలో గుచ్చుకుంటుంది. ఆ రంగు తలుపున్న గోడకు వేయండి. 8 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గోడలో తలుపు తీసేస్తే 50 చదరపు అడుగుల పైచిలుకు మిగులుతుంది. లీటరు రంగు ఒక కోటుకు సుమారు 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి రెండు కోట్లకు లీటరు చాలు. లేత గోడ మీద బాగా ముదురు రంగైతే మూడో కోటు పడొచ్చు.

ప్రశ్న: సీలింగుకు ఒకే ట్యూబ్‌లైటు. రాత్రయితే ఇల్లు ఆఫీసులా ఉంటుంది. ఈ నెల బల్బులకు తప్ప డబ్బు లేదు.

జవాబు: బల్బులకే ఉంటే మంచిదే. తక్కువ డబ్బుతో ఇంటి రూపు ఎక్కువగా మార్చేది వెలుగే.

బల్బు పెట్టె మీద ‘కె’ అక్షరంతో ఒక అంకె ఉంటుంది. 6500 అంటే నీలి ఛాయ ఉన్న తెలుపు, 4000 మధ్యస్థం, 2700 అంటే పసుపు ఛాయ. సాయంత్రం కూర్చునే గదికి 2700, మహా అయితే 3000. అన్ని బల్బులకూ ఒకే అంకె ఉండాలి. 6500 పక్కన 2700 వెలిగితే ఒకటి నీలంగా, రెండోది మురికిగా కనిపిస్తుంది. ‘గది పసుపుగా ఉంది, నచ్చలేదు’ అనేవాళ్ల ఇంట్లో చాలాసార్లు జరిగింది ఇదే. వెలుగు ఎంతో వాట్లను బట్టి కాదు, ల్యూమెన్లను బట్టి చూడాలి. మూల దీపానికి 400 నుంచి 500, చదువుకునే చోట 800. ఎల్‌ఈడీలో 800 ల్యూమెన్లంటే సుమారు 8, 9 వాట్లు. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అనే అంకె కూడా రాసి ఉంటే 80కి తగ్గనివి, దొరికితే 90 ఉన్నవి తీసుకోండి. మనుషుల ఒంటి రంగు, చెక్క రంగు పాలిపోకుండా కనిపిస్తాయి.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. మూడు దీపాలు, మూడు వేర్వేరు ఎత్తుల్లో, త్రికోణంలా. ఒకటి సోఫా పక్కన, ఒకటి అర మీద, మూడోది అన్నిటికన్నా చీకటి మూలలో గోడ వైపు తిప్పి. ఈ మూడోదాన్నే అందరూ మానేస్తారు, గదిని వెడల్పుగా చూపించేది మాత్రం అదే. మూలలు చీకట్లో ఉంటే గది వెలుగున్నంత మేరకే ఉన్నట్టు కనిపిస్తుంది. సోఫా పక్కన దీపానికి షేడ్ కింది అంచు కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో, అంటే నేల నుంచి 40 అంగుళాల దగ్గర ఉండాలి. అంతకన్నా పైనుంటే బల్బు కళ్లలో పడుతుంది. నేలమీదే కూర్చునేవాళ్లయితే 28 నుంచి 30 అంగుళాలు.

రోజూ మూడు చోట్లకు వెళ్లి వెలిగించాలంటే వారం తిరక్కముందే మళ్లీ ట్యూబ్‌లైటే వేస్తారు. మూడింటినీ స్విచ్చున్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపండి. అన్నీ కలిపినా 30 వాట్లు దాటవు. అదే బోర్డుకు ఇస్త్రీపెట్టె, హీటరు మాత్రం తగిలించకండి. వైరు గోడ అంచు వెంట తీసుకెళ్లాలి, తివాచీ కింద నుంచి కాదు. తొక్కుడుకు పైతొడుగు అరిగిపోతుంది, పుట్టిన వేడి బయటికి పోదు, నిప్పు అక్కడ పుడుతుంది. కాగితం షేడ్లలో ఎల్‌ఈడీ తప్ప మరో బల్బు వద్దు. ట్యూబ్‌లైటు ఉండనివ్వండి, ఊడ్చేటప్పుడూ పడిపోయిన సూది వెతికేటప్పుడూ అదే కావాలి.

ప్రశ్న: అద్దె ఇల్లు, మేకు కొట్టనివ్వరు. అంటించే హుక్కులు రెండు రోజుల్లో ఊడిపోతున్నాయి, రంగు కూడా ఊడి వస్తోంది.

జవాబు: హుక్కు ఊడటం వేరు, రంగు ఊడటం వేరు. ముందు అరచేత్తో గోడను రుద్ది చూడండి. చేతికి పొడి అంటితే అది సున్నమో డిస్టెంపరో అయి ఉంటుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు. జిగురు పట్టుకునేది రంగునే, ఆ రంగుకు గోడ మీద పట్టు లేదు. అలాంటి చోట తలుపు చెక్క, టైల్సు, అల్మరా పక్కలు మాత్రమే వాడుకోండి. పొడి అంటకపోతే రబ్బింగ్ ఆల్కహాల్‌తో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి ఆరనివ్వండి. సబ్బునీళ్లు వద్దు, ఆరాక మిగిలే పొర జిగురును పట్టనివ్వదు. అర నిమిషం గట్టిగా అదిమి, గంట ఆగాకే బరువు వేలాడదీయాలి. కొత్తగా రంగు వేసిన గోడైతే కనీసం వారం ఆగండి. తీసేటప్పుడు హుక్కు వెనకుండే సాగే జిగురు పట్టీని మీ వైపు లాగితే రంగుతో సహా వస్తుంది. గోడకు ఆనించి, కిందికి, నెమ్మదిగా సాగదీయాలి.

పటాలు పెద్దవైతే వేలాడదీయకుండా అర మీద నిలబెట్టి గోడకు ఆనించండి. పటం కింద జారని రబ్బరు ముక్క పెట్టడం మరవకండి.

ప్రశ్న: అద్దం పెడితే గది పెద్దదవుతుందా?

జవాబు: అద్దం తన ఎదుట ఏముంటే దాన్నే రెండింతలు చేస్తుంది. ఎదురుగా గిన్నెల గుట్ట ఉంటే రెండు గుట్టలు. కిటికీ పక్క గోడకు, కిటికీకి దగ్గరగా పెడితే పగటి వెలుగు లోపలికి మళ్లుతుంది. మేకు కొట్టే ముందు ఒకరు అద్దం పట్టుకుంటే, మరొకరు రోజూ కూర్చునే చోట కూర్చుని చూడాలి.

ప్రశ్న: పడగ్గది కిటికీ 3 అడుగుల వెడల్పే, అదీ గోడకు ఒక పక్కగా ఉంది. పరదా వేస్తే ఇంకా చిన్నదిగా కనిపిస్తోంది.

జవాబు: పరదా కిటికీ కొలతకు కుట్టించి ఉంటారు. రాడ్‌ను కిటికీ కొలతకు కాక గోడ కొలతకు వేయండి. కిటికీ పైఅంచుకు కనీసం 6 అంగుళాల పైన, వీలైతే సీలింగుకు దగ్గరగా. గోడ మధ్యకు దగ్గరగా ఉన్న వైపు రాడ్‌ను ఎక్కువ పొడిగించండి. పరదా మూసి ఉన్నప్పుడు కిటికీ ఏ పక్కనుందో తెలియదు. తెరిచినప్పుడు గుడ్డంతా గోడ మీదికి జరగాలి, గాజు మీద కాదు. రాడ్ 4 అడుగులు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్ వేయించండి, లేకపోతే వంగుతుంది.

గుడ్డ లెక్క: 6 అడుగుల రాడ్‌కు ఒకటిన్నర నుంచి రెండింతలు, అంటే 9 నుంచి 12 అడుగుల వెడల్పు గుడ్డ ఉంటేనే మడతలు పడతాయి. 54 అంగుళాల పన్నా గుడ్డ రెండు నిలువు ముక్కలు పక్కపక్కన వేస్తే 9 అడుగులు. రాడ్ 8 అడుగుల ఎత్తులో ఉంటే పైమడతకు 4 అంగుళాలు, కిందిమడతకు 6 కలిపి ఒక్కో ముక్క పొడవు 8 అడుగుల 10 అంగుళాలు. రెండు ముక్కలకు సుమారు 5.4 మీటర్లు. నూలుగుడ్డ ఉతికితే కుదించుకుపోతుంది కాబట్టి 6 మీటర్లు కొని, కత్తిరించే ముందే ఉతికించాలి. ఇది మానేసిన పరదాలు మొదటి ఉతుకుతో చీలమండల పైకి ఎగబాకుతాయి. అంచు నేలకు అర అంగుళం పైన ఆగాలి. ఖరీదైన గుడ్డ కొంచెం కన్నా చవక గుడ్డ దండిగా వేసిందే బాగుంటుంది.

ప్రశ్న: మంచం పక్క గోడ మీద మరకలు, కాస్త వాసన. మీద వాల్‌పేపర్ అంటించేద్దామా?

జవాబు: వద్దు. లోపలి తేమకు దారి లేక ఆరు నెలల్లో కాగితం ఉబ్బుతుంది, వెనకాల బూజు నిశ్చింతగా పెరుగుతుంది. ముందు తేమ ఎటు నుంచి వస్తోందో తేల్చుకోండి. గోడ పైపొర ఆరి ఉన్నప్పుడు అడుగున్నర చదరం అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. గది వైపు తడిస్తే అది గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరు కావడం. గోడ వైపు తడిస్తే గోడలోనే చెమ్మ ఉంది.

మొదటిదైతే పని సులువు. మంచం, అల్మరా గోడకు 3, 4 అంగుళాలు ఎడంగా జరపండి, గదిలో బట్టలు ఆరేయకండి, రోజుకు రెండుసార్లు ఎదురెదురు కిటికీలు తెరవండి. రెండోదైతే పైపు లీకో, బయటి గోడ పగులో, పైకప్పో తేలేదాకా రంగుకు రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. అద్దె ఇల్లయితే ఆ రేకు కాగితాన్ని ఇంటివాళ్లకే చూపించండి. గోడ మీద తెల్లటి ఉప్పు పొంగితే పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

ప్రశ్న: సొంత ఫ్లాటే. మూలలో స్తంభం ముందుకు పొడుచుకొచ్చి, పక్కన రెండున్నర అడుగుల సందు మిగిలింది. ఏం పెట్టినా అడ్డంగానే ఉంటోంది.

జవాబు: ఆ సందును అరలతో నింపేయండి. స్తంభం గోడలో కలిసిపోతుంది. వెడల్పును పైన, మధ్య, కింద, ముందు, వెనక విడివిడిగా కొలవండి. మూలలు మూలమట్టానికి ఉండవు, ఒకే కొలతకు కోయిస్తే సగం పలకలు ఇరుక్కుంటాయి, సగం జారతాయి. ప్రతి అరనూ దాని చోటి కొలతకు పావు అంగుళం తక్కువ కోయించండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండున్నర అడుగులకు వంగదు, పార్టికల్ బోర్డు పుస్తకాల బరువుకు వంగుతుంది. పలక కింద మూడు వైపులా అంగుళం చదరపు చెక్క పట్టీలు గోడకు బిగించి, పలకను వాటి మీద కూర్చోబెట్టండి. లోతు స్తంభం కన్నా అంగుళం తక్కువ ఉండాలి, అంచులు స్తంభాన్ని దాటితే మళ్లీ భుజానికి తగులుతాయి. అరలకు, స్తంభానికి, గోడకు ఒకే రంగు. పట్టీలు బిగించే ముందు స్విచ్చు బోర్డుకు నిలువుగా పైనా కిందా ఎక్కడా డ్రిల్లు పెట్టకండి, వైర్లు సాధారణంగా ఆ గీతలోనే వెళ్తాయి. స్తంభంలో లోతైన రంధ్రాలూ వద్దు, 6 మిల్లీమీటర్ల ప్లగ్ పట్టేంత చాలు. ఇనుము తగిలితే అక్కడ ఆపి, రెండంగుళాలు పక్కకు జరగండి.