పిల్లిని విదేశానికి తీసుకెళ్లాలంటే ముందు చిప్, తర్వాతే సూది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయన జర్మనీలో ఉద్యోగానికి వెళ్లి ఐదు నెలలైంది. నాకూ పాపకూ వీసాలు వచ్చాయి, జూలై చివర్లో బయల్దేరాలి. మా దగ్గర నాలుగేళ్ల పిల్లి ఉంది, పేరు జొన్న. వానలో తడుస్తూ మా మెట్ల కింద దొరికింది. ఏటా రేబిస్ సూది వేయిస్తున్నాం, కార్డు కూడా ఉంది. అది లేకుండా రానని పాప ఏడుస్తోంది. టికెట్ల ఏజెంటేమో హెల్త్ సర్టిఫికెట్ ఒకటి ఉంటే చాలంటున్నాడు. నిజమేనా? (ఒక పాఠకురాలు, నల్లగొండ)

జవాబు: నిజం కాదమ్మా. ఆ మాట నమ్మి ఎయిర్‌పోర్టుకు వెళ్తే జొన్నను అక్కడి నుంచే వెనక్కి పంపాల్సి వస్తుంది. మీరు ఏటా సూది వేయించడం చాలా మంచి పని, దాని ఆరోగ్యానికి అది అవసరమే, కానీ జొన్నకు చిప్ ఉన్నట్టు మీరు రాయలేదు కాబట్టి ఇప్పటిదాకా వేసిన సూదులేవీ యూరప్ లెక్కలోకి రావు. వాళ్ల నియమం ప్రకారం ముందు పిల్లి మెడ దగ్గర చర్మం కింద 15 అంకెల గుర్తింపు నంబర్ ఉన్న మైక్రోచిప్ పెట్టాలి, ఆ తర్వాత వేసిన రేబిస్ సూదే లెక్క. చిప్ లేకుండా వేసిన సూది ఏ పిల్లికి వేశారో రుజువు చేసేదెలా అన్నది వాళ్ల ప్రశ్న. రెండూ ఒకే రోజు చేయించవచ్చు, ముందు చిప్, తర్వాత సూది.

అక్కడితో అయిపోదు. రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ కొన్ని దేశాలకు వెసులుబాటు ఇచ్చింది, మన దేశం ఆ జాబితాలో లేదు. అందుకని సూది వేసిన 30 రోజులు దాటాక రక్తం తీసి, వాళ్లు గుర్తించిన ల్యాబుకే పంపాలి. రేబిస్‌ను తట్టుకునే శక్తి రక్తంలో ఎంత ఉందో చూసే ఈ పరీక్షను టైటర్ టెస్ట్ అంటారు. ఫలితం మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు (IU) లేదా అంతకంటే ఎక్కువ రావాలి. వచ్చినా వెంటనే పంపనివ్వరు, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఎందుకంటే సూదికి ముందే ఏ కుక్కో కరిచి ఉంటే ఆ జబ్బు ఒంట్లో నెలల తరబడి దాగి ఉండగలదు, ఉంటే ఈ లోపు బయటపడాలని. జూన్ 1న చిప్, సూది అయ్యాయనుకోండి, జూలై మొదట్లో రక్తం, ప్రయాణం అక్టోబర్‌లోనే. దీనికి అడ్డదారి లేదమ్మా, ఎవరైనా డబ్బులిస్తే తొందరగా చేయిస్తామంటే నమ్మకండి.

మరి మీరేం చేయాలి? టికెట్లు మార్చుకోగలిగితే అదే అన్నిటికంటే మంచిది. కుదరకపోతే మీరు, పాప ముందు వెళ్లండి, జొన్నను అమ్మమ్మ ఇంట్లో ఉంచండి. కానీ ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. యజమాని ప్రయాణానికి ఐదు రోజులు అటూ ఇటూగా పిల్లి ప్రయాణించకపోతే దాన్ని పెంపుడు జంతువుగా కాక వ్యాపార సరుకుగా లెక్కేస్తారు, అప్పుడు కాగితాలు వేరు, ఖర్చు వేరు. కాబట్టి బతుకమ్మ, దసరాకు మీ ఆయన వచ్చేట్టయితే తిరుగు ప్రయాణంలో ఆయనే వెంట తీసుకెళ్లడం సులువు, అలాగైతే కాగితాల్లో యజమానిగా మొదటి నుంచీ ఆయన పేరే రాయించండి.

ప్రయాణం దగ్గర పడ్డాక శంషాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ ఆఫీసులో పని ఉంటుంది. యూరప్ నమూనాలో ఉన్న హెల్త్ సర్టిఫికెట్ మీద అధికారిక పశువైద్యుడి సంతకం పడిన 10 రోజుల్లోపే జొన్న అక్కడ దిగాలి, తేదీలు ముందే మాట్లాడుకోండి. చిప్ నంబర్ అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో మీరే అంకె అంకె చదివి చూసుకోండి. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబానికి సూది కార్డులో ఒక్క అంకె తప్పు పడింది, అది సరిచేయించుకునేలోపు విమానం తప్పిపోయింది, ఆ పిల్లలు ఎంత ఏడ్చారో నేను మరిచిపోలేను.

సీటు దగ్గరే పెట్టుకుని తీసుకెళ్లవచ్చా అన్నది ఎయిర్‌లైన్‌ను బట్టి ఉంటుంది. లుఫ్తాన్సా లాంటి వాటిలో బ్యాగుతో కలిపి 8 కిలోల లోపుంటే క్యాబిన్‌లోకి రానిస్తారు. టికెట్ కొన్నాక కాదు, కొనకముందే ఫోన్ చేసి పిల్లికి కూడా బుక్ చేయించండి, ఒక్కో విమానంలో ఇన్ని జంతువులే అని లెక్క ఉంటుంది.

ఇక జొన్న సంగతి. కాగితాలకు పడే టెన్షన్‌లో అందరూ దీన్నే మరిచిపోతారు. ఆ బ్యాగు ఈ రోజే కొనండి. మూత తీసి ఇంట్లో ఒక మూలన పెట్టి, అందులో మీ పాత చీర ముక్క పరవండి, అన్నం పాలు అందులోనే పెట్టండి. అది తనంతట తాను వెళ్లి పడుకునే రోజు వస్తుంది, అప్పుడు మూత వేయడం మొదలుపెట్టండి, తర్వాత కారులో నార్కట్‌పల్లి దాకా వెళ్లి రండి, ఇంకోసారి చౌటుప్పల్ దాకా. సెక్యూరిటీ దగ్గర బ్యాగును మెషీన్‌లోకి పంపి పిల్లిని చేత్తో పట్టుకోమంటారు, అంత రొదలో అది గోళ్లు దించి దూకిందంటే దొరకదు. ఒంటికి పట్టీ, దానికి తాడు తప్పకుండా ఉండాలి, అది కూడా ఇంట్లోనే అలవాటు చేయండి. బయల్దేరే ముందు నాలుగైదు గంటల నుంచి మేత ఆపండి, నీళ్లు మాత్రం ఆపకండి.

ప్రశ్న: సార్, మా పర్షియన్ పిల్లిని మే నెలలో అమెరికాలో అక్క దగ్గరకు కార్గోలో పంపుదామనుకుంటున్నాం. భయపడకుండా నిద్రమాత్ర వేయవచ్చా? (ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: వద్దు తమ్ముడూ, మత్తు అస్సలు వద్దు. పర్షియన్‌కు ముక్కు చప్పిడి, మామూలుగానే ఊపిరి కష్టంగా తీసుకుంటుంది. మత్తులో బీపీ పడిపోతుంది, ఊపిరి ఇంకా మందగిస్తుంది, విమానంలో దాన్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. జంతువులను పెట్టే చోట గాలి ఒత్తిడి, వేడి అదుపులోనే ఉంటాయి, ప్రమాదమల్లా విమానం ఎక్కించే ముందు ఎండలో ఉన్నప్పుడే. మే నెలలో మన పాలమూరు ఎండ మీకు నేను చెప్పాలా? చాలా ఎయిర్‌లైన్స్ చప్పిడి ముక్కు జాతులను కార్గోలో ఒప్పుకోవు కూడా. డిసెంబర్, జనవరిల్లో ఎవరైనా వెళ్తుంటే క్యాబిన్‌లో తోడుగా పంపండి. అమెరికా కేంద్ర ప్రభుత్వం పిల్లులకు రేబిస్ కాగితం అడగదు, కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి, కాబట్టి సూది వేయించే పంపండి.

ప్రశ్న: మా అబ్బాయి ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు, మేమూ వెళ్లిపోతున్నాం. మా పదకొండేళ్ల పిల్లిని తీసుకెళ్లగలమా? (ఒక పాఠకురాలు, వనపర్తి)

జవాబు: అక్కా, ఇండియా నుంచి నేరుగా ఆస్ట్రేలియా పిల్లిని తీసుకోదు. ముందు వాళ్లు ఒప్పుకున్న వేరే దేశంలో నెలల తరబడి ఉంచి అక్కడి నుంచి పంపాలి, దిగాక మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్‌లో మళ్లీ క్వారంటైన్. పదకొండేళ్ల పిల్లికి ఇన్ని చేతులు, ఇన్ని గదులు మారడం నేను చేయించను. పిల్లికి మనుషులతో పాటు ఇల్లు కూడా ముఖ్యం, ఎక్కడ ఎండ పడుతుందో ఎక్కడ పడుకోవాలో దానికి తెలిసిన ఇల్లు. ఆ ఇంట్లోనే ఉండే చెల్లెలో, కిరాయికి వచ్చే మంచి కుటుంబమో ఉంటే వాళ్లకు ఇప్పటి నుంచే అలవాటు చేయండి, రెండు నెలలు మీరు పక్కన ఉండగానే వాళ్ల చేత్తో అన్నం పెట్టించండి. దాని సూది కార్డు, పశువుల దవాఖాన డాక్టర్ నంబరు, అది ఏ చేప తింటుందో ఏది తినదో ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్లండి.