మొదటి మచ్చు మీ నాన్న బస్తాలోంచే తీయి

గుంటూరు

చిరంజీవి మనవరాలికి చినతాతయ్య ఆశీస్సులు.

నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మాని, మన ఊరి మిరప, పసుపు రైతులతో ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్ల మళ్ళీ ఈ పనికి పూనుకున్నందుకు ఎంత పొంగిపోయానో, నేను పడిన గోతిలోనే నువ్వూ పడతావేమోనని అంత భయపడ్డాను.

నమోదుకు కనీసం పదిమంది ఉత్పత్తిదారులు, అయిదుగురు డైరెక్టర్లు కావాలి. కారం పట్టించి అమ్మేటట్లయితే ఆహార భద్రత లైసెన్సు ముందే తీసుకో. అయితే నువ్వు అనుకున్న అయిదుగురు డైరెక్టర్లలో ముగ్గురు మన బంధువులేనని విన్నాను. ఇదేమి పని తల్లీ? ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటాధనం, అధికారుల పెత్తనం లేకుండా రైతులే తమ సంఘాన్ని నడుపుకోవచ్చని తెలిసి, రెండేళ్ళకు మేమొక మిరప సంఘం పెట్టుకున్నాం. మార్కెట్ యార్డులో ఎవరికి వారు నాలుగు టిక్కీలు (మిరప బస్తాలు) దించి, చెప్పిన ధరకు తల ఊపి రావడం కంటే, అందరి కాయనూ కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర చూసుకుని అమ్ముదామని మా ఆలోచన. ప్రతి బస్తాలోనూ మచ్చు, అంటే నమూనా కాయ, తీసి, తేమ చూసి, రంగు పోయిన తాలు కాయ వేరు చేశాకే కాటా వేయాలన్న నియమం రాసినవాణ్ణి, కార్యదర్శిగా, నేనే.

మీ తాతయ్య బండి వచ్చిన రోజున మాత్రం మచ్చు తీయలేదు. అది మీ మేనత్త పెళ్ళి కుదిరిన ఏడాది. డబ్బు తొందరలో అన్నయ్య కల్లంలో కాయ పూర్తిగా ఆరకముందే బస్తాల్లోకి తొక్కించాడని బస్తా మీద చెయ్యి వేయగానే నాకు తెలిసింది. పదిమంది ఎదుట అన్నగారి బస్తా విప్పించడానికి మనసొప్పక, అందరి సరుకుతో పాటు ఒకే లాటుగా ఎత్తించాను. మూడు నెలల తరువాత చూస్తే కొన్ని బస్తాలకు బూజు పట్టింది. కొన్న వ్యాపారి మొత్తం లాటుకు ధర కోశాడు. ఆ నష్టాన్ని అందరికీ సమానంగా పంచాను.

సభలో ఒక కౌలు రైతు లేచి, “బూజు పట్టినవి ఎవరి బస్తాలండీ?” అని అడిగాడు. బస్తాల మీద సభ్యుల నంబర్లు లేవు గనుక తెలియదన్నాను. అది తెలిసి ఆడిన అబద్ధం. కౌలు ముందే కట్టి, వడ్డీకి తెచ్చి పంట పెట్టిన ఆ మనిషి కోసమే మేము సంఘం పెట్టుకున్నాం. మరుసటి ఏడాది అతడు మారు మాట్లాడకుండా పాత కమీషన్ వ్యాపారి దగ్గరికే వెళ్ళిపోయాడు, మరి కొందరు అతని వెనుకే వెళ్ళారు, మూడో ఏటికి సంఘం మూతపడింది. అన్నయ్యకు ఈ సంగతి నేను ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే పెళ్ళి ఖర్చు తగ్గించుకునైనా ఆ నష్టం కట్టేవాడు, అటువంటి మనిషి ఆయన.

అందుచేత బస్తా బస్తాకూ సభ్యుడి నంబరు వేయించు. తేమ పదకొండు శాతం దాటితే ఎవరి కాయనైనా తిప్పి పంపు. అయితే ఆరబెట్టుకోవడానికి టార్పాలిన్ కంపెనీయే ఇవ్వాలి, కాటా వేసిన రోజునే కొంత సొమ్ము చేతిలో పెట్టాలి. పచ్చి కాయను తొక్కించేది చాలాసార్లు దురాశ కాదమ్మా, అవసరం. మిగులును వాటాలను బట్టి గాక, ఎవరు ఎంత సరుకు పోశారో ఆ లెక్కన పంచు. కౌలు రైతులను పట్టా అడగవద్దు. కంపెనీల చట్టం అడిగేది పండించేవాణ్ణి, భూమి గలవాణ్ణి కాదు. డైరెక్టర్లలో ఇద్దరైనా వాళ్ళే ఉండాలి.

వేళకు తిను, మీ అమ్మ నీ గురించే బెంగపడుతోంది. కాటా మొదలుపెట్టే రోజు నాకు తెలియజేయి, తెల్లవారే బస్సుకు వస్తాను. మొదటి మచ్చు మీ నాన్న బస్తాలోంచే, అందరూ చూస్తుండగా తీయి. నీ చెయ్యి వెనకాడితే నేను పక్కనే ఉంటాను.

మీ చినతాతయ్య