నడుస్తూనే ఉన్నా, పీట మీద నుంచి లేవలేకపోతున్నా... బరువులు ఎత్తవచ్చా?

ప్రశ్న: నా వయసు 56. పర్లాకిమిడిలో ఉంటాం. పదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌తో పాటు బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నా. రోజూ ఉదయం 40 నిమిషాలు నడుస్తా. అయినా పీట మీద నుంచి లేవాలంటే చెయ్యి ఊనాల్సి వస్తోంది. బస్సెక్కాలంటే కడ్డీ పట్టుకుని ఒళ్లు లాక్కోవాలి. బరంపురంలో చదువుతున్న మా అబ్బాయి బరువులు ఎత్తమంటున్నాడు. ఈ వయసులో మోకాళ్లు అరిగిపోవా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి మాటే వినండమ్మా. నడక మానొద్దు. కానీ అది గుండెకు చేసేంత మేలు తొడలకు చేయదు. అలవాటైన దానికన్నా కాస్త ఎక్కువ బరువు పడితేనే కండరం గట్టిపడుతుంది. రోజూ అదే బాటలో, అదే వేగంతో నడిచే కాళ్లకు ఆ అవసరమే రాదు. 30 ఏళ్లు దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తరుగుతుంది. తిన్నాక రక్తంలో చేరే గ్లూకోజును ఎక్కువగా వాడుకునేది కండరమే కాబట్టి షుగర్ ఉన్నవారికి ఈ తరుగుదల రెండు రకాల నష్టం.

మోకాలు అరుగుతుందన్న భయం అక్కర్లేదు. తొడ ముందు కండరం బలంగా ఉంటే కీలు మీద పడే భారాన్ని అది పంచుకుంటుంది. మోకాలు అరిగినవారికీ మేం ముందు చెప్పేది ఈ వ్యాయామమే.

మొదలుపెట్టే ముందు కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. షుగర్ వల్ల కంట్లో కొత్త రక్తనాళాలు పెరిగి ఉంటే, ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు అవి చిట్లవచ్చు. బీపీ 180/110 దాటినా, నడకలో ఛాతీ పట్టేసినట్టున్నా ముందు డాక్టరును కలవాలి. మీ ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. మీ ఇంట్లో ఉంటే ఎండలో, దాహంతో, అలసిపోయేదాకా చేయొద్దు.

జిమ్ అక్కర్లేదు, చేతుల్లేని గట్టి కుర్చీ చాలు. దాన్ని గోడకు ఆనించి, అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి ఉండాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవండి. దిగేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టండి. చాలామంది దబ్బున కూలబడతారు, అక్కడే సగం ఫలితం పోతుంది. మోకాళ్లు లోపలికి వాలుతుంటే పాదాలు కొంచెం బయటికి తిప్పండి. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసుకోండి.

ఇలా 8 నుంచి 10 సార్లు, రెండు నిమిషాలు ఆగి మళ్లీ అన్ని సార్లు. ఇంకో రెండు మూడు చేయగలను అనిపించే దగ్గరే ఆపాలి. తర్వాత గోడకు చేతులు ఆనించి ముందుకు వాలి తోసుకోవడం, ఒక చెయ్యి బల్ల మీద ఊని రెండో చేత్తో లీటరు నీళ్ల సీసాను నడుము దాకా లాగడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం, మడమలెత్తి నిలబడటం. అంతా కలిపి 25 నిమిషాలు. వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో కనీసం ఒకరోజు విరామం ఉండాలి.

12 సార్లు సునాయాసంగా వరుసగా రెండు రోజులు వచ్చిందంటే బరువు పెంచాలి. కిలో బియ్యం పోసిన సంచీని గుండెకు హత్తుకుని లేవండి. ఇలా పెంచకపోవడం వల్లే చాలామందికి రెండు నెలల తర్వాత మార్పు ఆగిపోతుంది. మర్నాడు కండ సలిపితే మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కీలు నొప్పి మర్నాటికీ ఉంటే సగానికి తగ్గించండి. మూత్రం కాఫీ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గ్లిమెపిరైడ్ వేసుకుని పరగడుపున చేయకండి, షుగర్ మరీ పడిపోవచ్చు. టిఫిన్ తిన్న గంట తర్వాత మేలు. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు షుగర్ చూసుకోండి.

చోడి (రాగి) అంబలి మంచిదే గానీ కండకు అదొక్కటే చాలదు. 60 కిలోల బరువుంటే రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో 6, వంద గ్రాముల ఉలవల్లో 20కి పైగా గ్రాములుంటాయి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా పెంచొద్దు.

పీట మీద నుంచి లేవడం మొదటి నెలలోనే ప్రయత్నించకండి, కుర్చీ కన్నా అది చాలా కిందకు ఉంటుంది. ముందు దిండు తీసేయండి, తర్వాత పొట్టి స్టూలుకు దిగండి, ఆ తర్వాతే పీట.