డిస్కు మారాక పెళ్లి పత్రికలో తెలుగు ఏమైంది?

ప్రశ్న: కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. పాత హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమంటుంటే మెకానిక్ దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు) వేశాడు. విండోస్ 10, పత్రికలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించి, పాత ఫోల్డర్లన్నీ కాపీ చేశాడు. ఇప్పుడు ఏ పెళ్లి పత్రిక తెరిచినా తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాల గజిబిజి. వినాయకుడి బొమ్మ ఫైలు ఎక్కడుందని అడుగుతోంది. మళ్లీ ఫార్మాట్ చేద్దామంటున్నాడు. శ్రావణమాసం పత్రికలు నెత్తిమీద ఉన్నాయి. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు ఆ ఫార్మాట్ మాట మానిపించండి. ఏ జబ్బుకైనా ఒకటే మాత్ర ఇచ్చే మెకానిక్‌లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఫైళ్లు చెడిపోలేదు. వాటికి కావలసినవి ఉండాల్సిన చోట లేవు, అంతే.

తెలుగు డీటీపీలో వాడే ‘అను’ వంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి సంకేతం ఇచ్చే ప్రపంచ ప్రమాణం) కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు ఇచ్చిన స్థానాల్లోనే మన అక్షరాల ముక్కలు, ఒత్తులు కూర్చి చేసినవి. ఆ ఫాంటు ఉంటే ‘శుభముహూర్తం’ అని కనిపించేది, లేకపోతే అర్థంపర్థం లేని ఇంగ్లిషుగా తేలుతుంది. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ యూనికోడ్ ఫాంటు కాబట్టి, దాన్ని పెట్టి చూసినా ప్రయోజనం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫైలు తెరవగానే పేజ్‌మేకర్ ‘పానోస్’ అనే పెట్టె చూపించి, లేని ఫాంటుకు బదులు ఏది వాడాలో అడుగుతుంది. అందులో ‘టెంపరరీ’ మీదే ఉంచండి. ‘పర్మనెంట్’ ఎంచుకుని సేవ్ చేశారో, అసలు ఫాంటు దొరికాక కూడా వధూవరుల పేర్ల నుంచి విందు వేళ వరకు ఒక్కో ముక్కకూ ఫాంటు మార్చుకుంటూ కూర్చోవాలి.

ఇక ఫాంట్లు. పాత డిస్కులో విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ మాత్రమే చూస్తే చాలదు. 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి విండోస్ 10లో ఫాంటు మీద డబుల్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్’ అంటే అది ఆ యూజర్ ఖాతాలోకే వెళ్తుంది. యూజర్ పేరుతో ఉన్న ఫోల్డరులో యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ వరుసలో వెతకండి. యాప్‌డేటా దాచి ఉంటుంది గనుక కాపీ చేసేవారు తరచూ వదిలేస్తారు. దొరికిన ఫాంట్లన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్‌తో ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఇవ్వండి. టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం అసలు సీడీ నుంచే ఎక్కించాలి. దాని ఫోల్డరు తెచ్చి పెడితే సరిపోదు, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో దాని వివరాలు ఉండవు. లైసెన్సు అడిగితే అమ్మినవారిని సంప్రదించండి.

బొమ్మల సంగతి ఇంకా తేలిక. పేజ్‌మేకర్ బొమ్మ దారిని డ్రైవు అక్షరంతో సహా గుర్తుపెట్టుకుంటుంది. మీ బొమ్మలు మొదట డి డ్రైవులో ఉండి ఉంటాయి. కొత్త విండోస్‌లో చాలాసార్లు ఆ అక్షరాన్ని డీవీడీ డ్రైవు లాగేసుకుంటుంది. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డీవీడీకి జెడ్ ఇచ్చి, డేటా భాగానికి డి ఇవ్వండి. ఫోల్డర్ల పేర్లు, వరుస పాతవే ఉంచండి. డేటాకు వేరే భాగమే లేకపోతే సి డ్రైవును కుదించి ఒకటి చేసుకోండి. అప్పటికీ అడిగేవి ఏ ఒకటో రెండో ఉంటే ఫైల్ మెనూలోని లింక్స్ మేనేజర్‌లో చూపించవచ్చు.

చప్పుడు చేసే ఆ డిస్కును మాటిమాటికీ తగిలించకండి. కావలసినవన్నీ రాసుకుని ఒక్కసారే కాపీ చేయండి.

ప్రశ్న: 500 జీబీ డిస్కును 1 టీబీ ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేశాను. సి డ్రైవు పెరగలేదు. పైగా మొత్తం 931 జీబీయే చూపిస్తోంది. మోసపోయానా?
- విద్యార్థి, అనంతపురం

జవాబు: లేదు. కంపెనీలకు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024తో మూడుసార్లు భాగిస్తుంది కాబట్టి 931 వస్తుంది. క్లోనింగ్ పాత కొలతలనే దింపింది, మిగతాది ఖాళీగా పడి ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవును పెంచే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ పనిచేయాలంటే ఆ ఖాళీ సి డ్రైవును ఆనుకుని ఉండాలి. మధ్యలో రికవరీ భాగం అడ్డుపడి ఉంటే, పార్టిషన్ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని చివరికి జరిపి ఆ తర్వాత పెంచండి. బ్యాకప్ లేకుండా మాత్రం ముట్టుకోవద్దు.